పది కేజీల పైపు కూడా ఎందుకు పగిలింది: కనగల్ బత్తాయి తోట కేసు

నల్లగొండ జిల్లా కనగల్ మండలంలో ఎనిమిది ఎకరాల బత్తాయి తోట. డ్రిప్పు మీద నడుస్తుంది. బావి నుంచి తోటకు నీళ్లు తెచ్చే పీవీసీ మెయిన్ లైను ఏడాదిన్నరలో మూడుసార్లు పగిలింది. మొదటి రెండుసార్లు పగిలింది ఆరు కేజీల పైపు. దాంతో రైతు విసిగిపోయి, పగులుతున్న చోట నూటయాభై మీటర్ల మేర పాత పైపు పీకేసి పది కేజీల పైపు వేయించాడు. మూడోసారి ఆ కొత్త పైపే పగిలింది. అది కూడా ముందు రెండింటికన్నా ఘోరంగా, ఒక కాలర్ నుంచి ఇంకో కాలర్ దాకా ఆరు మీటర్ల పైపు నిలువునా చీలిపోయింది. ఒక పెచ్చు ఎగిరి అవతలి గట్టులో దిగబడింది. ఆ సమయంలో అటువైపు కూలీలు లేరు కాబట్టి సరిపోయింది.

విరిగిన ప్లాస్టిక్ వస్తువులు చూసి ఎందుకు విరిగాయో చెప్పడం నా పని. నా దగ్గరికి ఎక్కువగా ఫ్యాక్టరీల నుంచే వస్తాయి: క్రేట్లు, బ్యాటరీ డబ్బాలు, మోటార్ ఫ్యాన్ల కవర్లు. పొలం పైపు రావడం అరుదు. పొలంలో పైపు పగిలితే ఆ ముక్క కోసి పారేసి, సొల్యూషన్ పూసి, కప్లింగ్ వేసి సాయంత్రానికి మోటర్ ఆన్ చేస్తారు. ఆధారం ఒర్రెలోకి, అంటే పక్కనున్న చిన్న వాగులోకి పోతుంది. ఈ కేసు నా దాకా రావడానికి కారణం డీలరుతో గొడవ. పైపు నాసిరకమని రైతు, పరవడంలో తప్పుందని డీలరు. ఎవరి మాట నిజమో కాగితం మీద రాసివ్వమని నన్ను పిలిచారు.

"ఇది పది కేజీల పైపే సారు. పైసలు ఎక్కువ పెట్టి తెచ్చిన. గట్టి పైపు ఇంకా ఎక్కువ పగులుడేంది?" అన్నాడు రైతు. ఈ రాతంతా ఆ ప్రశ్నకు జవాబే.

కేజీల లెక్క తెలియని వాళ్లకు ఒక మాట. ఆరు కేజీల పైపు అంటే చదరపు సెంటీమీటరుకు ఆరు కిలోల ఒత్తిడిని ఏళ్ల తరబడి ఓర్చుకునేలా చేసిన పైపు. ఐఎస్ 4985 అనే మన ప్రమాణంలో ఇలా 2.5 నుంచి మొదలై పైకి తరగతులు ఉన్నాయి. ఇక్కడ వాడింది 90 మిల్లీమీటర్ల పైపు, ఊళ్లో మూడించుల పైపు అంటారు. ఆరు కేజీలదైతే గోడ మందం మూడు మిల్లీమీటర్లకు కాస్త పైన, పది కేజీలదైతే దాదాపు ఐదు.

లైను తీరు

కాలువ నీళ్లు వచ్చాక నిండిన పాత వ్యవసాయ బావి. అందులో ఏడున్నర హెచ్‌పీ ఓపెన్‌వెల్ మోటర్. బావి నుంచి లైను కిందికి దిగి ఒర్రె దాటుతుంది. తర్వాత ఒక మిట్ట ఎక్కి, అటువైపు కొంచెం దిగి, తోట మూలలో ఉన్న ఫిల్టరు షెడ్డుకు చేరుతుంది. మొత్తం ఆరు వందల మీటర్లు ఉంటుంది. బావి నీటి మట్టానికి, తోటకు తేడా ఇరవై మీటర్ల పైచిలుకు. తోట తడుస్తున్నప్పుడు బావి దగ్గర గేజీలో మూడున్నర కేజీలు చూపిస్తుంది. అంటే మామూలుగా నడిచేటప్పుడు ఆరు కేజీల పైపుకే బోలెడు వెసులుబాటు ఉంది.

మూడు పగుళ్లూ మిట్ట దగ్గరే వచ్చాయి. ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువ ఉండే చోటు బావి దగ్గర, ఒర్రె లోతులో. మిట్ట మీద ఒత్తిడి తక్కువ. తక్కువ ఒత్తిడి ఉన్న చోటే పదేపదే పగులుతోందంటే, గేజీలో కనిపించే ఒత్తిడి అసలు దోషి కాదు. పైపు చూడకముందే ఇంతవరకు తెలిసింది.

ఇంకో సంగతి రైతు కొడుకు చెప్పాడు. ఎప్పుడు పగిలినా తెల్లవారుజామునే, మోటర్ వేసిన కొద్ది నిమిషాల్లోనే. "చలికి పగులుతుంది సార్" అని అతని అభిప్రాయం. చలికి పీవీసీ పెళుసు బారుతుందన్నది నిజమే. కానీ నల్లగొండ చలి ఎంత? డిసెంబర్, జనవరిల్లో తెల్లవారుజామున పదిహేను డిగ్రీల అటూ ఇటూ. ఐఎస్ 4985 పైపును సున్నా డిగ్రీలకు చల్లబరిచి, పైనుంచి బరువు జారవిడిచి పరీక్షించాలి. ఆ పరీక్ష నెగ్గే పైపుకు మన చలి ఒక లెక్క కాదు. తెల్లవారుజాముకు ఇంకో లక్షణం ఉంది, రాత్రంతా మోటర్ ఆగి ఉంటుంది. దాని సంగతి ముందుకు వస్తుంది.

పగులు ముఖం

చీలిన పైపును ముక్కలుగా ఏరి, షెడ్డులో నేల మీద వరుసగా పేర్చాం. పగులు ఎక్కడ మొదలైందో కనుక్కోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. వేగంగా పరిగెత్తే పగులు దారిలో చీలికలు చీలికలుగా విడిపోతుంది. ఆ చీలికలు తెరుచుకునే దిక్కు పగులు పోయిన దిక్కు. వాటిని వెనక్కి పట్టుకుంటూ వస్తే అన్నీ ఒకచోట కలుస్తాయి. ఈ పైపులో పగులు మధ్యలో పుట్టి, రెండు వైపులకూ పరిగెత్తింది. దారి తిన్నగా లేదు, పాము పోయినట్టు మెలికలు తిరిగి ఉంది. నిదానంగా చీలిన పైపులో ఇలాంటి మెలిక కనపడదు.

పుట్టిన చోటును భూతద్దం కింద పెట్టాను. పైపు బయటి ముఖం మీద నిలువునా ఒక గీత. పైపును రాళ్ల మీద ఈడ్చినప్పుడు పడే గీత అది. లోతు అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. ఆ గీత నుంచి లోపలికి అర్ధచంద్రాకారంలో చిన్న మచ్చ, రెండు మిల్లీమీటర్ల లోతు దాకా దిగింది. మచ్చ మీద ఒకదాని పక్కన ఒకటి సన్నని వంపు గీతలు. మచ్చంతా ఎర్రగా ఉంది. గుడ్డతో తుడిస్తే పోలేదు, బ్రష్షు పెట్టి కడిగితే నీళ్లు ఎర్రబారాయి. అది చెల్క మట్టి. ఆ మచ్చ దాటిన దగ్గర్నుంచి పగులు ముఖం తెల్లగా, శుభ్రంగా ఉంది. ముందు కొంత మేర నున్నగా అద్దంలా, ఆ తర్వాత గరుకుగా, ఇంకా ముందుకు పోతే చీలికలుగా.

ఆ ఎర్రమట్టే ఈ కేసులో పెద్ద సాక్షి. పైపు చివరిసారి బద్దలవడానికి చాలా ముందే అక్కడ సన్నని బీట ఉందని, అది బయటి మట్టిని పీల్చుకుందని, నిదానంగా, మెట్టు మెట్టుగా లోపలికి దిగిందని అది చెబుతోంది. వంపు గీతలు ఆ మెట్లే. ఒత్తిడి ఎగిరినప్పుడల్లా బీట కొంచెం ముందుకు జరిగింది, మళ్లీ ఆగింది. ఆఖరి రోజున ఆగలేదు.

పగులు అంచుల వెంబడి ఎక్కడా తెల్లబారలేదు. పీవీసీ సాగి తెగితే అంచు తెల్లగా మారుతుంది. పైపు ముక్కను చేత్తో వంచితే వంపు దగ్గర తెల్లటి చార వస్తుంది, అందరూ చూసే ఉంటారు. ఇక్కడ ఆ చార లేదు. అంటే పైపు సాగకుండానే విరిగింది.

పైపు నాసిరకమా?

ఈ ప్రశ్న తప్పించుకోలేం కాబట్టి ముందుగా తేల్చేశాను. పది కేజీల పైపు మందం చుట్టూ కొలిస్తే సరిగ్గానే ఉంది. గాలిలో ఒకసారి, నీటిలో ఒకసారి తూచి సాంద్రత చూస్తే 1.44 వచ్చింది. ప్రమాణం ప్రకారం 1.40 నుంచి 1.46 మధ్య ఉండాలి. ఖర్చు తగ్గించుకోవడానికి సుద్దపొడి ఎక్కువ కలిపిన పైపు బరువెక్కుతుంది, ఈ హద్దు దాటుతుంది. అసిటోన్‌లో నానబెట్టిన ముక్క పొరలుగా ఊడలేదు, అంటే తయారీలో పొడి సరిగ్గా కరిగి కలిసింది. పైపు మంచిదే.

మొదటిసారి పగిలిన ఆరు కేజీల పైపు ముక్క ఒకటి షెడ్డు వెనుక దొరికింది, పందిరికి ఊతంగా పెట్టారు. దాని సాంద్రత మాత్రం 1.5 దాటింది. సుద్ద దండిగా ఉంది. పైన ముద్ర చెరిగిపోయింది కాబట్టి ఎవరిదో చెప్పలేం. రెండో పగులు ముక్క దొరకలేదు. కాబట్టి రైతు అనుమానం పూర్తిగా ఉత్తిది కాదు. కాకపోతే ఆయన గొడవ పడుతున్న పైపు విషయంలో మాత్రం అది నిలబడదు. రాసివ్వాల్సిన కాగితంలో ఈ రెండు మాటలూ రాశాను. ఇద్దరికీ నచ్చలేదు.

వైసు, సుత్తి

పైపు మంచిదైతే గాజులా ఎందుకు పగిలిందని డీలరు మనిషి కూడా అడిగాడు. నోటితో చెబితే నమ్మే విషయం కాదని, అదే పైపులోంచి పగులుకు దూరంగా ఉన్న చోట హాక్సాతో ఉంగరాలు కోశాం. ఒక్కోటి రెండు వేళ్ల వెడల్పు.

మొదటి ఉంగరాన్ని వైసులో పెట్టి నిదానంగా బిగిస్తూ పోయాం. పైగోడ వచ్చి కింది గోడకు ఆనే దాకా నలిగింది. పక్కలు తెల్లబారాయి, అంతే. రెండో ఉంగరాన్ని కమ్మరి దిమ్మె మీద పెట్టి పెద్ద సుత్తితో కొట్టాం. ఎగిరి అవతల పడింది, సొట్ట పడింది, పగల్లేదు. ఇక మూడో ఉంగరానికి పక్కభాగాన బయటి ముఖం మీద కొత్త బ్లేడుతో సన్నని గాటు పెట్టాను. ఉంగరాన్ని పైనుంచి నొక్కితే పక్కల్లో బయటి ముఖమే సాగుతుంది కాబట్టి గాటు అక్కడే ఉండాలి. వైసులో నిదానంగా బిగించాం. గాటు నోరు తెరిచింది, దాని మొన దగ్గర తెల్లబారింది, కొంచెం చిరిగింది. రెండు ముక్కలు కాలేదు. నాలుగో ఉంగరానికీ అలాంటి గాటే పెట్టి, ఈసారి సుత్తితో కొట్టాం. ఠప్పున విరిగి మూడు ముక్కలైంది. విరిగిన అంచు మీద తెలుపు లేదు, నున్నగా మెరుస్తోంది. పక్కన పెట్టి చూస్తే తోటలో పగిలిన పైపు అంచుకూ దీనికీ తేడా తెలియలేదు.

రైతు ఆ ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూసి, "గీటు ఒక్కటే ఉంటే ఏం కాలే, సుత్తె దెబ్బ ఒక్కటే పడ్డా ఏం కాలే. రెండూ కలిస్తేనే పోయింది" అన్నాడు. నేను రిపోర్టులో రెండు పేజీల్లో రాసింది అదే.

ఎందుకిలా అంటే, ప్లాస్టిక్ లోపల పొడవాటి అణువుల గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉంటాయి. బలం పడినప్పుడు అవి ఒకదాని మీద ఒకటి జారితే వస్తువు సాగుతుంది, దెబ్బ శక్తిని మింగేస్తుంది. ఆ జారడానికి సమయం కావాలి. వైసు బిగించడానికి నిమిషం పట్టింది. సుత్తి దెబ్బ సెకనులో కొన్ని వెయ్యో వంతుల్లో ముగిసింది. రెండింటి వేగంలో పది వేల రెట్ల తేడా. వేగం పెరిగేకొద్దీ గొలుసులను జరపడానికి కావలసిన బలం పెరుగుతూ పోతుంది. బీటను ముందుకు తోయడానికి కావలసిన బలం మాత్రం అంతగా పెరగదు. ఈ రెండిట్లో ఏది తక్కువైతే అదే ముందు జరుగుతుంది. నిదానంగా నొక్కితే సాగడం సులువు. వేగంగా కొడితే పగలడం సులువు. వేగం పదింతలు పెంచడం ఆ ప్లాస్టిక్‌ను కొన్ని డిగ్రీలు చల్లబరచడంతో సమానం. అలా చూస్తే కుర్రాడి చలి మాట పూర్తిగా తప్పు కాదు. కాకపోతే ఇక్కడ పైపును పెళుసు చేసింది వాతావరణం కాదు, వేగం.

గాటు పని వేరు. బలమంతా దాని మొన దగ్గర పోగవుతుంది. అంతకుమించి, గోడ మందంగా ఉంటే మొన చుట్టూ ఉన్న పదార్థం దాన్ని అన్ని వైపుల నుంచీ పట్టి ఉంచుతుంది, సన్నబడి సాగనివ్వదు. పలుచటి గోడలో గాటు దగ్గర పదార్థం పక్కలకు కుంచించుకుని సాగే వీలుంటుంది. మందం గోడలో ఆ వీలు తగ్గుతుంది. గీత పడని పైపు ఎంత మందం ఉంటే అంత మంచిది, సందేహం లేదు. గీత పడ్డాక మాత్రం మందం మనం అనుకున్నంతగా కాపాడదు. ప్రమాణంలో ఉన్న బరువు పరీక్ష కూడా గీతలు లేని కొత్త పైపు మీదే చేస్తారు. రాళ్ల మీద ఈడ్చిన పైపు గురించి అది ఏమీ చెప్పదు. గోడ మందంలో పదో వంతుకు మించి గీత పడితే ఆ ముక్కను కోసెయ్యాలన్నది ఈ పనిలో పాత నియమం.

ఈ గుణం పీవీసీకి మాత్రమే ఉందనుకోవద్దు. హెల్మెట్ వైజర్లు చేసే, సుత్తితో బాదినా చావదని పేరున్న పాలికార్బొనేటుకూ ఉంది. పెట్రోలు తగిలితే దానికి సన్నని బీటలు పుడతాయి, అవీ గాట్లే. హెల్మెట్ వైజర్‌ను పెట్రోలు గుడ్డతో తుడిచే అలవాటున్న వాళ్లు ఆ వైజర్ అంచుల్లో సన్నని బీటలు ఎప్పుడైనా చూశారా అని అడగాలనిపిస్తుంది.

సరే, సుత్తి ఎక్కడిది?

గీత దొరికింది. దెబ్బ ఎవరు కొట్టారు? భూమిలో రెండడుగుల లోతున ఉన్న పైపును ఎవరూ సుత్తితో కొట్టరు. కొట్టింది నీళ్లు. నీళ్లకు ఆ ఊపునిచ్చింది గాలి.

ఇక్కడ నాకు దారి చూపింది పగులు పొడవు. నిండా నీళ్లున్న పైపు పగిలితే పగులు సాధారణంగా ఎక్కువ దూరం పోదు. నీరు దాదాపుగా నొక్కుకోదు, కాబట్టి అందులో దాగిన శక్తి చాలా తక్కువ. సన్నని సందు దొరికి కాస్త నీరు చిమ్మగానే ఒత్తిడి పడిపోతుంది, పగులును తోసేవాడు ఉండడు. గాలి అలా కాదు. నొక్కిన గాలి స్ప్రింగు లాంటిది, అదే ఒత్తిడిలో అదే పైపులో నీటికన్నా వందల రెట్ల శక్తిని దాచుకుంటుంది. పగులు పరిగెత్తుతున్నా వెనకనుంచి తోస్తూనే ఉంటుంది. ఆరు మీటర్ల పైపు ఆ చివర నుంచి ఈ చివర దాకా చీలి, పెచ్చు గట్టులో దిగబడిందంటే ఆ క్షణంలో పైపులో ఉన్నది నీళ్లు మాత్రమే కాదు. కొందరు ఫిట్టర్లు లీకు చూడ్డానికి కంప్రెసర్‌తో పీవీసీ లైనులో గాలి కొడతారు. చూస్తుంటేనే నాకు టెన్షన్. ఆ పని ఎక్కడా చేయకూడదు.

మిట్ట మీద గాలి ఎలా చేరిందన్నది తేలికే. బావి దగ్గరున్న ఎన్నార్వీ, అంటే నీటిని వెనక్కి పోనివ్వని వాల్వు, తిరగేసి చూస్తే లోపలి రబ్బరు సగం తినేసి ఉంది. మోటర్ ఆగగానే లైనులో నీళ్లు వెనక్కి బావిలోకి జారిపోతాయి, డ్రిప్పర్ల సందుల్లోంచి గాలి లోపలికి వస్తుంది. తెల్లారేసరికి మిట్ట, దాని అవతలి భాగం ఖాళీ. మిట్ట మీద ఎయిర్ వాల్వ్ లేదు. అసలు లైను మొత్తంలో ఒక్కటి కూడా లేదు.

మోటర్ వేయగానే ఏం జరుగుతుందో లెక్క చూద్దాం. లైను ఖాళీగా ఉంటే మోటర్‌కు ఎదురు తక్కువ, కాబట్టి మామూలుకన్నా ఎక్కువ నీళ్లు తోస్తుంది. ఈ మోటర్‌కు, ఈ పైపుకు సెకనుకు రెండు మీటర్ల పైన వేగం వస్తుంది. మీటరు పొడవు పైపులో ఐదున్నర లీటర్లు పడతాయి. లైను చివరికి వచ్చేసరికి మూడు టన్నుల పైచిలుకు నీరు గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో కదులుతోందన్నమాట. ముందున్న గాలి ఫిల్టరు జాలీలోంచి, డ్రిప్పర్లలోంచి తప్పుకుంటూ ఉంటుంది. గాలి తేలిక కాబట్టి సన్నని సందు చాలు. వెనకాలే వచ్చిన నీరు దానికన్నా ఎనిమిది వందల రెట్లు బరువు. అదే సందులో అదే వేగంతో దూరలేదు. ఒక్కసారిగా ఆగుతుంది.

కదిలే నీటిని ఒక్కసారిగా ఆపితే ఒత్తిడి ఎంత ఎగురుతుందో రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ మాస్కో నీటి లైన్ల మీద పనిచేసి 1898లో సూత్రం ఇచ్చాడు. నీటి సాంద్రత, పైపులో ఒత్తిడి అల పోయే వేగం, తగ్గిన నీటి వేగం, ఈ మూడింటినీ గుణిస్తే చాలు. ఇక్కడే రైతు ప్రశ్నకు రెండో జవాబు ఉంది. అల వేగం పైపు గోడ బిగువును బట్టి మారుతుంది. ఈ సైజు ఆరు కేజీల పైపులో అది సెకనుకు సుమారు 320 మీటర్లు, పది కేజీల పైపులో సుమారు 400. అంటే సెకనుకు ఒక మీటరు వేగంతో వచ్చే నీటిని ఆపితే పాత పైపులో మూడు కేజీల పైన దెబ్బ పడుతుంది, కొత్త పైపులో నాలుగు. గట్టి పైపు దెబ్బను ఓర్చుకునే శక్తి పెంచింది, దెబ్బనూ పెంచింది. రెండు మీటర్ల పైన వేగానికి లెక్క వేస్తే పది కేజీల పైపులో ఎనిమిది, తొమ్మిది కేజీలు ఎగరాలి. దానికి అప్పటికే ఉన్న ఒత్తిడి కలుపుకోవాలి. మధ్యలో ఇరుక్కున్న గాలి బుడగ నొక్కుకుని తిరిగి తన్నితే ఇంకా పైకి పోవచ్చు.

పగిలిన పైపు మార్చాక, అందరినీ లైనుకు దూరంగా నిలబెట్టి, మిట్ట దగ్గర ప్రెషర్ సెన్సర్, దాని రీడింగులను క్షణక్షణం రాసుకునే లాగర్ బిగించి ఖాళీ లైనులోకి మోటర్ వేయించాను. లాగర్‌లో 13 కేజీల దాకా ఎగిరింది. అదే చోట పెట్టిన మామూలు ముల్లు గేజీ ఐదు చూపించి ఊరుకుంది. ఆ ముల్లుకు అంత వేగంగా కదిలే శక్తి లేదు. గేజీ నమ్ముకుని ఒత్తిడి బాగానే ఉందనుకునే వాళ్లు ఇది గుర్తుంచుకుంటే మేలు.

అయితే 13 కేజీలకే పది కేజీల పైపు పగలాలా? కొత్త పైపు కాసేపటికైతే తన తరగతికి కొన్ని రెట్లు ఓర్చుకుంటుంది. గీత లేకపోతే ఆ రోజు ఏమీ జరిగేది కాదు. గీత ఉండీ ఈ దెబ్బలు లేకపోతే ఆ బీట ఎన్నేళ్లకైనా దిగేది కాదు. రోజూ తెల్లవారుజామున ఒక దెబ్బ. దానికి తోడు స్టార్టరుకు ఆటోమేటిక్ ఉంది. కరెంటు రెప్పపాటు పోయి వచ్చినా మోటర్ దానంతటదే మొదలవుతుంది. అప్పటికి నీళ్లు వెనక్కి జారుతూ ఉంటాయి. వెనక్కి వచ్చే నీటికి మోటర్ ఎదురు తోస్తే పడే దెబ్బ మామూలుది కాదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇస్తున్నప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులు ఊరూరా చెప్పారు. వాళ్లు చెప్పింది భూగర్భ జలాల కోసం, లోడు కోసం. పైపుల కోసమైనా తీసేయాల్సిన వస్తువే అది.

మూడో పగులు ఏ రోజు జరిగిందని అడిగితే, బెట్ట విడిచిన రోజని చెప్పారు. బత్తాయికి పూత రావాలంటే చెట్లను కొన్ని వారాలు నీళ్లు లేకుండా బెట్టకు ఉంచి, తర్వాత ఎరువులు వేసి నీళ్లు వదులుతారు. అన్ని వారాలూ లైను ఖాళీగా పడి ఉంది. రోజూ మిట్ట, దాని అవతలి భాగమే ఖాళీ అయ్యేవి, ఆ రోజు లైను దాదాపు మొత్తం గాలే. బీట అప్పటికే దిగి సిద్ధంగా ఉంది.

చేసిన మార్పులు

మిగతా పాత లైను కూడా పీకేసి పది కేజీలది వేద్దామని రైతు సిద్ధపడ్డాడు. వద్దని ఆపాను. అక్కడ కావలసింది గట్టి పైపు కాదు, నీళ్లు నిదానంగా నిండడం.

ఎన్నార్వీ కొత్తది వేయించాం. రాత్రంతా లైను నిండే ఉంటే తెల్లవారుజాము సమస్య చాలావరకు తీరిపోతుంది. మిట్ట మీద ఒకటి, ఫిల్టరు ముందు ఒకటి ఇంచు ఎయిర్ వాల్వులు పెట్టాం. నిండేటప్పుడు గాలిని వదిలేవి, ఖాళీ అయ్యేటప్పుడు పీల్చుకునేవి. పెద్దది పెడితే ఇంకా మంచిది కదా అని ఫిట్టరు రెండించులది తెచ్చాడు, వెనక్కి పంపించాను. గాలి మరీ తేలిగ్గా పోతే నీళ్లు మరీ వేగంగా వస్తాయి, వాల్వు మూసుకున్న క్షణంలో మళ్లీ అదే దెబ్బ. ఆటోమేటిక్ తీసేయమంటే రైతు ఒప్పుకోలేదు, రాత్రిపూట పొలానికి రావాలంటే పాముల భయం అన్నాడు. అది కాదనలేని మాట. కరెంటు వచ్చాక మూడు నిమిషాలు ఆగి మోటర్ వేసేలా టైమర్ పెట్టించాం. ఆ లోపు వెనక్కి జారే నీరు స్థిరపడుతుంది.

బావి దగ్గరున్న గేట్ వాల్వ్ విషయంలోనే ఎక్కువ వాదన జరిగింది. ఖాళీ లైను నింపేటప్పుడు నీటి వేగం సెకనుకు 0.3 మీటర్లు దాటకూడదన్నది మా పద్ధతి. ఆ లెక్కన ఈ లైను నిండడానికి అరగంట పైనే పడుతుంది. "అర్ధగంట నేను వాల్వు పట్టుకొని కూసోవాల్నా సారు?" రోజూ అక్కర్లేదు, ఎన్నార్వీ పట్టి ఉంచినంతకాలం లైను నిండే ఉంటుంది. బెట్ట విడిచిన రోజు, రిపేరు చేసిన రోజు మాత్రం తప్పదు. వాల్వు పావు వంతు తెరిచి, ఫిల్టరు దగ్గర ఫ్లష్ వాల్వ్ విప్పి పెట్టి, అక్కడ గాలి చప్పుడు ఆగి నీళ్లు ధారగా పడ్డాకే పూర్తిగా తిప్పాలి. వాల్వు చక్రం మీద పావు వంతు దగ్గర ఎర్ర రంగుతో గుర్తు పెట్టించాను.

కొత్త ముక్క వేసేటప్పుడు కందకంలో మొరం రాళ్లు ఏరించి, జల్లెడ పట్టిన మట్టి పరిచి, దాని మీద పైపు పడుకోబెట్టాం. పైపులను ట్రాక్టర్ నుంచి ఈడ్చకుండా ఇద్దరేసి మోశారు. పక్కనున్న పది కేజీల పైపులను కూడా తవ్వి చూస్తే ఇంకో రెండింటికి గీతలు కనిపించాయి. ఒకదానిది గోరు తగిలితే తెలిసేంత లోతు, ఆ భాగం కోసేశాం. రెండోది పైపైనే ఉంది, వదిలేశాం.

మార్పుల తర్వాత అదే లాగర్, అదే చోటు. నిండిన లైనులోకి మోటర్ వేస్తే నాలుగు కేజీలు దాటలేదు. కావాలని లైను ఖాళీ చేసి, వాల్వు ఎర్ర గుర్తు దగ్గర పెట్టి నింపితే ఐదు లోపే ఉంది. ఆ తర్వాత ఇంకో బెట్ట కూడా గడిచింది, మిట్ట దగ్గర పగుళ్లు లేవు.

డీలరు పైపు డబ్బులు వెనక్కి ఇవ్వలేదు. నా కాగితం ప్రకారం ఇవ్వాల్సిన పనీ లేదు. అయితే దించేటప్పుడు పైపులు ఈడ్చింది డీలరు పంపిన ట్రాక్టర్ మనుషులేనని రైతు వాదన, దానికి నా దగ్గర రుజువు లేదు. ఒకటి రెండు ఎయిర్ వాల్వులు ఊరికే ఇచ్చి రాజీ చేసుకున్నారు.

ఇంకా మిగిలిన పని ఒర్రె దగ్గర ఉంది. అక్కడ వరదకు మట్టి కొట్టుకుపోయి పాత ఆరు కేజీల పైపు రెండు నిడివిల మేర ఎండలో తేలి ఉంది. పైముఖం తెల్లగా సుద్దబారింది, గోటితో గీకితే పొడి రాలుతోంది. ఎండకు పెళుసెక్కిన ఆ పలుచటి పొర కూడా గాటు లాంటిదే, బీట ముందు అక్కడే పుడుతుంది. పైగా లైనులో ఒత్తిడి ఎక్కువుండే చోటు అదే. దాన్ని తీసి జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపు వేయాలని చెప్పాను. కాత అమ్మాక చూస్తానన్నాడు. అప్పటిదాకా పగిలిన పది కేజీల పైపు చెక్కలనే దాని మీద కప్పి, పైన మట్టి పోశారు.